వయసు గడి

ఏప్రిల్ రెండు, ఆదివారం రాత్రి
ఈ దేశంలో ఎవరెవరు ఏ కప్పు కింద పడుకున్నారో
రాసుకు రమ్మని మాకు కాగితాలిచ్చారు.
పోలీసు కొలువులో ఇదీ ఒక పనే.
దొంగసారా వెతకడం కంటే నయం.
మొరిగే కుక్కలు మాత్రం అవే.

మేయో కొండల్లో దారి ఆగిపోయేచోట
ఆఖరి ఇల్లు సైవ్ లవెల్‌ది.
పీట్ పొగలో ముందు చుట్ట కనిపించింది,
తర్వాత ముసలమ్మ.
"వయసు?"
"నూట మూడు."

పదేళ్ళ కిందట ఇదే గడపలో
ఎనభై ఒకటి అని రాసుకున్నది నేనే.
ఆమె పదేళ్ళలో ఇరవై రెండేళ్ళు పెరిగింది.
నేను పదే పెరిగాను,
అదీ మోకాళ్ళు పట్టుకుని.

ఇందులో వింతేం లేదనుకోండి.
మూడేళ్ళ కిందట పింఛను చట్టం వచ్చింది.
డెబ్భై దాటితే వారానికి ఐదు షిల్లింగులు.
ఆ చలికాలం మా ఠాణా పరిధి అంతా
రాత్రికి రాత్రే నెరిసిపోయింది.

సర్కారు జనన రిజిస్టరు మొదలైంది అరవై నాలుగులో.
అంతకు ముందు పుట్టినవాళ్ళకి రుజువేమిటంటే
గాలి.
మాటవరసకి కాదు, నిజంగానే గాలి.
ముప్పై తొమ్మిదో ఏట జనవరి నెలలో ఒక రాత్రి
సముద్రాన్ని వీపున మోసుకొచ్చిందే, ఆ గాలి.
అది గుర్తుందంటే డెబ్భై దాటినట్టే.
గుర్తులేనివాళ్ళని నేనింతవరకు చూడలేదు.
నలభై ఇళ్ళలో నలభై నోళ్ళు చెప్పాయి:
ఒకే ఆవు,
ఒకే రేగి చెట్టు మీద,
తెల్లారేసరికి, బతికే ఉంది.

కానీ సైవ్‌కి ఆ ఆవుతో పనిలేదు.
పాత లెక్కనే చూసినా పింఛను ఆమెదే.
ఐదు షిల్లింగులకి డెబ్భై చాలు,
ఆపైన ఏళ్ళకి పైసా ఇవ్వరు.
మరి నూట మూడెందుకు?

"అవ్వా, లెక్క పన్నెండు ఎక్కువొచ్చింది"
అన్నాను, ఆమె భాషలోనే.
చుట్ట తీసి బూడిద దులిపింది.
తొందరేం పడలేదు.

"దుంప కుళ్ళిన ఏడు
మా చెల్లెలు మేవ్ పోయింది. తొమ్మిదేళ్ళది.
తర్వాత తమ్ముడు. ఆ తర్వాత, పేరు పెట్టని బిడ్డ.
ముగ్గురినీ ఒకే దుప్పట్లో చుట్టి
వాళ్ళ ఆయుష్షు కూడా పోసుకుని బతకమంది మా అమ్మ.
చాలా ఏళ్ళు ముట్టుకోలేదు. సిగ్గేసింది.
ఈమధ్యే కలుపుకుంటున్నాను, కొంచెం కొంచెంగా.
పన్నెండేనా అయింది?
ఇంకా చాలా ఉంది."

కోడలు నాప్లా పొయ్యి దగ్గర్నుంచి
"రాసెయ్యండి బాబూ, టీ చల్లారిపోతోంది" అంది.

నూరేళ్ళు నిండాయంటే మనిషి పోయినట్టు.
ఈమెకి నిండి, పొర్లి
మూడు నేలమీద ఒలికాయి.
ఒకటి రాశాను. సున్నా రాశాను.
మూడు దగ్గర కలం కాసేపు ఆగింది,
సిరా గడ్డకట్టిందని విదిలించాను.

డబ్లిన్‌లో చలిమంట పక్కన కూర్చున్న గుమాస్తా
ఈ మూడంకెల్ని పట్టికలోకి ఎక్కిస్తాడు.
ఎవరో పెద్దమనిషి దాన్ని చూసి
పడమటి కొండగాలి దీర్ఘాయువునిస్తుందని
వ్యాసం రాస్తాడు.
రాయనీ.
ఆ గాలి ఒక్కరాత్రిలో ఎంతమందికి వయసిచ్చిందో
మాకు తెలుసు.

చీకటిపడ్డాక ఠాణాకి వచ్చి
మా ఫారం ముందేసుకున్నాను.
పోలీసుల ఫారంలో పేర్లుండవు, పొడి అక్షరాలే.
వయసు గడిలో నలభై ఏడు వేశాను,
ఎప్పుడూ వేసేలాగే.
పదిహేడేళ్ళప్పుడు పందొమ్మిదని చెప్పి
ఈ టోపీ పెట్టుకున్నవాణ్ణి.
ఆ రెండేళ్ళూ ఎవరు పోసినవో
ఇంతవరకు అడగలేదు ఎవరూ.

అద్దుడు కాగితం నొక్కి, లేచి
తలుపు గడియ వేశాను.
బయట గాలి లేస్తోంది.
పెద్దదేం కాదు.